తేనెటీగలకు తెగులొస్తే దిక్కెవరు?

ఫలక్‌నుమా: ఎద్దుకు గాలికుంటు వస్తే పశువుల డాక్టరున్నాడు. కోళ్లకు కొక్కెర తెగులుకు టీకా ఉంది. మరి తేనె పెట్టెలో పిల్లలు చస్తుంటే రైతు ఎవరి దగ్గరకు పోవాలి?

మన దేశవాళీ తేనెటీగకు వచ్చే తెగుళ్లలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు బహు చెడ్డది. ఈగలోకి మారవలసిన పిల్ల పురుగు గదిలోనే వెల్లకిలా, తల పైకెత్తి, పడవ ఆకారంలో చస్తుంది. చీపురు పుల్లతో తీస్తే నీళ్లు నిండిన తిత్తిలా వస్తుంది. తర్వాత గోధుమ రంగుకు మారి ఎండిపోతుంది. తిత్తిగా రాక జిగురు తీగలా సాగితే అది వేరే తెగులు.

1976లో థాయిలాండ్‌లో బయటపడిన ఈ తెగులు 1978కి మేఘాలయ చేరింది. 1991-92లో కర్ణాటక, కేరళ, తమిళనాడులలో నూటికి తొంభై పెట్టెలను ఖాళీ చేసింది. తేనె అమ్ముకుని బతికిన కుటుంబాలు వీధిన పడ్డాయి. అప్పుడు ఇటలీ ఈగ వచ్చింది. దానికి ఈ తెగులు అంతగా సోకదుగాని, వరోవా అనే నల్లి పట్టి, రెక్కలు వంకరపోయే మరో వైరస్‌ను అంటిస్తుంది. ఈ వైరస్‌లు మనుషులకు సోకవు, తేనె నిరభ్యంతరంగా తినవచ్చు.

వైరస్‌కు మందు లేదు. కొందరు మనుషుల మాత్రలు పొడి చేసి చక్కెర పాకంలో కలిపి పెడుతుంటారు. అది డబ్బు దండగ, తేనెకు చేటు. రాణీ ఈగను కొన్నాళ్లు పంజరంలో బంధిస్తే గుడ్లు ఆగుతాయి, కొత్త పిల్లలుండవు గనుక తెగులు తగ్గుముఖం పడుతుంది. చెడిన పట్టును తీసి కాల్చాలి. తెగులుకు తట్టుకున్న పెట్టె నుంచే కొత్త రాణిని పెంచాలి.

ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2017లో హనీ మిషన్ పెట్టి ఈగలతో సహా పెట్టెలు పంచింది. మంచిదే. కాని పెట్టెతోపాటు తెగులూ ప్రయాణం చేస్తుంది. ఏ పథకం కిందనైనా పెట్టె ఊరు దాటే ముందు పిల్లల గదులు పరీక్షించి చీటీ ఇవ్వాలి. షాద్‌నగర్ వైపు రైతు రైలెక్కి ఫలక్‌నుమాలో దిగితే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎంతో దూరం లేదు. అక్కడ కీటకశాస్త్రం తెలిసినవారున్నారు. అయితే చెడిన పట్టు ముక్క పట్టుకుని ఏ తలుపు కొట్టాలో ఎందరికి తెలుసు? మండల వ్యవసాయాధికారి కార్యాలయంలోనే ఆ ముక్క తీసుకుని పరీక్షకు పంపే ఏర్పాటు అధికారులు చేయాలి.

అంతవరకు పక్క ఊరివారు పట్టు అరువడిగితే ఇవ్వకండి, మొహమాటం వద్దు.