ఋణములు అంటే అప్పులే

పరలోక ప్రార్థనలో "ఋణములు" అనే మాట రాగానే మన ప్రసంగీకులు "అంటే పాపములు" అని ఒక్క గెంతు వేస్తారు. నాకు మండేది అక్కడే. మత్తయి 6లోని గ్రీకు మాటకి మొదటి అర్థం అప్పు. లూకా 11లో పాపములు అనే ఉంది, నిజమే. కానీ అదే వచనం తోటి మనుషుల దగ్గరికొచ్చేసరికి తెలుగు బైబిలు "అచ్చియున్న" అంటుంది. అంటే బాకీపడ్డ. (మంచి మాట, మనమే పోగొట్టుకున్నాం.)

బెజవాడ దాటి దివిసీమ వైపు వెళ్తే ఇది నిఘంటువు గొడవ కాదు. కౌలు రైతుకి పట్టా ఉండదు, బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం. మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాస్తాడు. ఆదివారం ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే చర్చిలో ఒకే గొంతుతో ఆ ప్రార్థన చెప్తారు. అరనిమిషం. ప్రోనోటు బీరువాలో భద్రం.

ఉపవాస కూటాల్లో "అప్పుల నుంచి విడుదల" కోసం ప్రార్థిస్తారు కదా అంటారేమో. వినండి: నా అప్పు, నా ఇల్లు, నా వీసా. యేసు నేర్పినదాంట్లో "నా" లేదు, "మా" ఉంది.

"అది ఆత్మీయార్థం బ్రదర్" అంటారు. ద్వితీయోపదేశకాండము 15 ఏడేళ్లకోసారి అప్పులు వదిలేయమన్నదీ ఆత్మీయార్థమేనా? ఈ ఆదివారం ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎవరి నుంచి ఎంత రావాలో తలుచుకోమని పాస్టరుగార్ని చెప్పమనండి. కానుకల సంచి ఎంత తేలిగ్గా తిరిగొస్తుందో చూద్దాం.