బెర్లిన్ పోయే పెద్దమ్మకు నాలుగు మాటలు

సినిమా పత్రికలో జర్మనీ ప్రయాణం ముచ్చట్లేమిటని కనుబొమలు ఎగరేయకండి. ‘డాన్ 2’ (2011)లో షారుఖ్ ఖాన్ హడావుడి చేసినప్పుడే బెర్లిన్ వీధుల్ని మనవాళ్ళు చూసేశారు. 2024 ఫిబ్రవరిలో అల్లు అర్జున్ ‘పుష్ప: ది రైజ్’ వెంట బెర్లిన్ చలనచిత్రోత్సవానికి వెళ్ళొచ్చాక ఆ వూరి పేరు మా మాక్లూరు టీకొట్టు దాకా వచ్చేసింది. అయితే ఈ వారం రాస్తున్నది హీరోల కోసం కాదు. వాళ్ళకి కారు తలుపు తీసేవాళ్ళుంటారు. కొడుకునో కూతురినో చూడ్డానికి జీవితంలో మొదటిసారి విమానమెక్కే అమ్మానాన్నల కోసం.

మా నిజామాబాదు జిల్లాలో పరదేశమంటే నిన్నమొన్నటి దాకా దుబాయి, మస్కట్. పోయేవాడు సంపాదనకే పోయేవాడు, వెనక ఎవరూ చూడ్డానికి వెళ్ళేవారు కాదు. ఇప్పుడు పిల్లలు చదువులకి జర్మనీ పోతున్నారు. మా వాడకట్టులో ఒక పెద్దనాయిన, పెద్దమ్మ వున్నారు, పసుపు రైతులు. కొడుకు బెర్లిన్లో చదువుతున్నాడు. “బిడ్డా, నువ్వు పేపర్లల్ల రాస్తవు, సినిమా పండుగకని గాడికి పోయొచ్చినవు గద. గాడ మేమిద్దరం బయటికెళ్ళి తిరగొస్తదా, లేకుంటె పోరడు కాలేజికి పోయినంక అర్రలనే కూసోవాల్నా?” అని అడిగింది పెద్దమ్మ.

అసలు ప్రశ్న అదే. ఒక పంట డబ్బు పెట్టి అంతదూరం పోయి, మూడు వారాలు కిటికీలోంచి చూసి రావడమా? కొడుకు చదువు మానుకుని వెంట తిరగలేడు. వీళ్ళిద్దరే పగటిపూట వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరగలగాలి. నా మాటేమిటంటే, నిక్షేపంగా తిరగొచ్చు, జర్మన్ ముక్క రాకపోయినా సరే. కాకపోతే ఆ వూళ్ళో ఎవరూ మిమ్మల్ని ఆపి నియమాలు చెప్పరు, మీకు తెలుసుననే అనుకుంటారు. కాబట్టి నాలుగు సంగతులు ఇక్కడే నేర్చుకుని పోవాలి.

ముందు ఎప్పుడు వెళ్ళాలన్న సంగతి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మార్కెట్టులో వేశాక, మళ్ళీ జూన్‌లో విత్తనం పెట్టేలోపు దొరికే వ్యవధే మంచిది. మే నెలలో బెర్లిన్లో చలి వొణికించదు, రాత్రి ఎనిమిది దాటినా వెలుతురుంటుంది. ఫిబ్రవరిలో అయితే నీళ్ళు గడ్డకట్టే చలి, సాయంత్రం తొందరగానే చీకటి. వీసా షెంగెన్ వీసా. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా కాగితం తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆఖరి పక్షంలో పరుగెత్తడం వద్దు.

ఇక పెట్టె సర్దుడు. ఇక్కడే తల్లుల గుండె కలుక్కుమంటుంది. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ఐరోపా సమాజంలోకి మనవైపు నుంచి తీసుకుపోకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మూడూ ఇంట్లోనే వుండాలి. “పోరడు బక్కగైండు, నెయ్యి లేకుంటె ఎట్ల?” అంటే, పెద్దమ్మా, అక్కడి కొట్లలో వెన్న చవకగా దొరుకుతుంది, వెళ్ళాక నీ చేత్తోనే కాచి పెట్టు. పచ్చి మామిడికాయలు, పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేనిదే రానివ్వరు. మన ఎండు పసుపు, కారం, చింతపండు, మామిడికాయ పచ్చడి హాయిగా తీసుకుపోవచ్చు. కాకపోతే పచ్చడి సీసాలు చేతిసంచిలో కాదు, విమానంలో వేసే పెద్ద పెట్టెలో పెట్టండి. లేదంటే తనిఖీ దగ్గరే వదిలేసి పోవాలి. బీపీ, షుగరు మాత్రలు మాత్రం డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే.

విమానం దిగాక మొదటి పరీక్ష రైలు టికెట్టు. బెర్లిన్ రైలు స్టేషన్లలో గేట్లుండవు. ఎవరూ అడ్డుకోరు, సరాసరి రైలెక్కేయవచ్చు. అలాగని ఉచితం కాదు. మామూలు బట్టల్లో వుండే తనిఖీదారులు ఎప్పుడు పడితే అప్పుడు బండెక్కుతారు. టికెట్టు లేకపోతే జరిమానా 60 యూరోలు, అంటే మన లెక్కలో ఇంచుమించు ఆరు వేలు. కొడుకు రాత్రిళ్ళు హోటల్లో పళ్ళేలు కడిగి తెచ్చే డబ్బులోంచి అది కట్టాల్సి వస్తే ఏ తల్లికి ముద్ద దిగుతుంది?

ఇంకో మెలిక వుంది. యంత్రంలో కొన్న కాగితం టికెట్టుని ప్లాట్‌ఫారం మీద వుండే చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు వున్నా లేనట్టే లెక్క. వూరిని ఏ, బీ, సీ అని మూడు మండలాలు చేశారు. వూళ్ళో తిరగడానికి ఏబీ చాలు. విమానాశ్రయం మాత్రం సీ మండలంలో వుంది, కాబట్టి దిగిన రోజునా, తిరిగొచ్చే రోజునా ఏబీసీ టికెట్టే కొనాలి. ఒకసారి ప్రయాణానికి కొన్న టికెట్టు రెండు గంటలే చెల్లుతుంది, అదీ వెళ్ళే వైపుకే. దానితో తిరిగి రాకూడదు. రోజంతా తిరిగేటట్టయితే 24 గంటల టికెట్టు మేలు. అందులో అయిదుగురి దాకా కలిసి తిరిగే రకం కూడా వుంది.

ఖర్చు లేకుండా వూరు చూడాలంటే 100 నంబరు బస్సెక్కండి. జూ స్టేషన్ దగ్గర మొదలై, పార్లమెంటు భవనం రైష్‌టాగ్, బ్రాండెన్‌బుర్గ్ గేటు పక్కల మీదుగా అలెగ్జాండర్ ప్లాట్జ్ చేరుతుంది. డబుల్ డెక్కరు వస్తే మేడ మీద ముందు సీటు పట్టండి. మామూలు టికెట్టుతో టూరిస్టు బస్సు చూపించేవన్నీ చూడొచ్చు. రైష్‌టాగ్ పైన గాజు గుమ్మటం ఎక్కడం వుచితమే. కాని ముందుగా పేర్లు నమోదు చేయించుకోవాలి, వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు చూపాలి. 1961 ఆగస్టు 13న మొదలెట్టి, 1989 నవంబరు 9 దాకా వూరిని చీల్చిన గోడ ఆనవాళ్ళు బెర్నవర్ వీధిలో వున్నాయి, దానికీ డబ్బులేదు. బొమ్మలు వేసిన గోడ కావాలంటే ఈస్ట్ సైడ్ గ్యాలరీ, 1.3 కిలోమీటర్ల పొడుగు. పెర్గమాన్ మ్యూజియం మీద మాత్రం ఆశ పెట్టుకుని పోకండి. మరమ్మతుల కోసం దాన్ని 2023 అక్టోబరులో పూర్తిగా మూశారు, ఎంత తెరిచారో కనుక్కుని వెళ్ళండి.

సినిమా వాసన లేకుండా ఈ శీర్షిక ముగిస్తే ఎడిటరుగారు వూరుకోరు. జూ స్టేషన్ దగ్గరే ‘జూ పలాస్ట్’ అనే సినిమా హాలుంది, 1999 దాకా చలనచిత్రోత్సవానికి అదే ముఖ్య వేదిక. మన హైదరాబాదీ శ్యామ్ బెనెగల్ తెలంగాణ పల్లె కథతో తీసిన ‘అంకుర్’ 1974లో బెర్లిన్ పోటీకి వెళ్ళింది. అంతకు ముందు ఏడే సత్యజిత్ రే ‘అశని సంకేత్’ అక్కడ బంగారు ఎలుగు గెలుచుకుంది. ‘అంకుర్’ వెళ్ళిన సరిగ్గా యాభై ఏళ్ళకి ‘పుష్ప’ వెళ్ళింది. ఒకప్పుడు వేసవిలో జరిగే ఈ పండుగ 1978 నుంచి ఫిబ్రవరికి మారింది. మామూలు జనం కూడా టికెట్టు కొనుక్కుని చూడొచ్చు. మేలో వెళ్ళేవాళ్ళకి పక్కనే పోట్స్‌డామ్‌లో బాబెల్స్‌బెర్గ్ వుంది. 1912లో మొదలైన స్టూడియో అది, ‘మెట్రోపొలిస్’ (1927) తీసింది అక్కడే. దాన్ని ఆనుకుని సందర్శకుల కోసం ఒక ఫిల్మ్ పార్కు వుంది, చలికాలం మూసేస్తారు. పోట్స్‌డామ్ కూడా సీ మండలమే, టికెట్టు సంగతి మరిచిపోకండి.

మిగిలినవి చిల్లర సంగతులు, కాని చిల్లరే ముఖ్యం. ఆదివారం కొట్లు మూత, శనివారమే కూరగాయలు తెచ్చుకోండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా పారేయకండి, కొన్నప్పుడు 25 సెంట్లు డిపాజిట్టు కట్టించుకుంటారు, కొట్లో యంత్రానికిస్తే తిరిగిస్తారు. కుళాయి నీళ్ళు నిర్భయంగా తాగొచ్చు. ఫుట్‌పాత్ మీద రంగు వేసిన దారి సైకిళ్ళది, అందులో నడిస్తే గంటలు మోగిస్తారు. ఎర్రదీపం వుంటే, రోడ్డు ఖాళీగా వున్నా ఆగండి. చిన్న కొట్లలో కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, కొంచెం నగదు వుంచుకోండి. ప్రమాదం వస్తే 112, పోలీసుకి 110. కొడుకు చిరునామా, ఫోను నంబరు, దిగాల్సిన స్టేషన్ పేరు జర్మన్లో అతని చేతే ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాయించి ఇద్దరి జేబుల్లోనూ చెరొకటి పెట్టుకోండి. ఫోను ఛార్జింగు అయిపోతుంది, అట్ట అయిపోదు.

ఇంత విని పెద్దనాయిన అడిగిన ప్రశ్న ఒక్కటే: “గాళ్ళు పసుపు తింటరా?” తింటారు పెద్దనాయినా. అక్కడి కొట్లలో ‘కుర్కుమా’ అని రాసి వున్న చిన్న చిన్న సీసాలుంటాయి. వెల చూసి, అది ఎన్ని గ్రాములో చదివి, మన మార్కెట్టులో క్వింటాలు ధరతో లెక్కవేసుకో. రైలు టికెట్టు కంటే పెద్ద పాఠం అక్కడుంటుంది.