మజిలీకి ఒక్క వింత చాలు

విహారనౌక రేవులో ఆగేది ఆరేడు గంటలు. ఆ కాస్త వ్యవధిలో ఊరంతా చూపిస్తామనేవారికి కొదవ ఉండదు. గుడి, కొండ, జలాంతర్గామి, సాగరతీరం, బౌద్ధారామం, అంగడి, భోజనం, అన్నీ ఒక్క పూటలోనే! ఇటువంటి సందర్శనం చూచేవానికీ మేలు చేయదు, చూపించే ఊరికీ మేలు చేయదు. మజిలీ స్వల్పమైనప్పుడు ఒక్క వింతను చూచి, దాని కథను సాంతం తెలిసికొని, తిరిగి ఓడ ఎక్కడమే ఉత్తమమని నా అభిప్రాయం. అందుకు కారణాలను ఈ టపాలో మనవి చేస్తాను.

సముద్రానికి ఎంతో దూరాన పెబ్బేరులో కూర్చుని ఓడ ప్రయాణికులకు హితబోధ ఏమిటని మిత్రులు నవ్వవచ్చు. మాకు రేవు లేదు గాని, మజిలీ అంటే ఏమిటో బాగా తెలుసు. హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే రహదారి మా ఊరిమీదుగానే పోతుంది. బండ్లు ఆగుతాయి, జనం దిగి టీ తాగుతారు, వెళ్ళిపోతారు. దాపునే శ్రీరంగాపురంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం ఉందనీ, దాని చెంత రంగసముద్రమనే జలాశయం ఉందనీ వారిలో ఎందరికి తెలుసు? తన ఊరు పరులకు ఒక టీకొట్టుగా మాత్రమే గుర్తుండిపోవడం మజిలీ ఊరివానికి కలిగే బాధ. అందుచేత ఈ విషయంలో నేను ఓడవారి పక్షాన గాక ఊరివారి పక్షాన మాట్లాడుతున్నాను.

మజిలీని ఎలా వాడుకోవాలో మన భాషలో ఎన్నడో చెప్పారు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ ఒక్క ఒడంబడిక మీద నడుస్తాయి. కాశీకి పోతున్న మణిసిద్ధునికి తోడు కావలసి వచ్చింది. తోడు వస్తాను గాని, దారిలో నేను అడిగిన వింతలకు కథలు చెప్పాలన్నాడు గోపడు. మజిలీ చేరగానే గోపడు ఊరిలోకి పోతాడు; ఏదో ఒక వింత కంటబడుతుంది; పరుగున వచ్చి దాని వృత్తాంతం చెప్పమంటాడు. ఇందులో గమనింపదగినవి మూడు: చూడటానికి ఒక వింత, అడగటానికి ఒక ప్రశ్న, చెప్పటానికి ఒక మనిషి. ఈ మూటిలో ఏది లోపించినా గోపని యాత్ర వట్టి నడక అయ్యేది.

కల్పితకథ గనుక చెల్లిందంటారా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, మా వనపర్తి సీమమీదుగా కాశీకి పోయి, తిరుగుదారిలో విశాఖపట్టణమూ చూచి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఎన్ని మజిలీలో! ప్రతిచోటా ఊరంతా చూచారని కాదు. చూచినంత మేరకు నీటి వసతి, అంగళ్ళు, దారులు, జనుల నడవడి విచారించి వ్రాసుకున్నారు. అందుకే ఆ కాశీయాత్ర చరిత్ర నేటికీ చదువదగి ఉంది.

ఇక నేటి విశాఖకు వద్దాం. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక అక్కడికి వచ్చింది. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే విదేశీ నౌక ఆగింది. మంచిదే. అయితే దిగిన ప్రయాణికుని లెక్క చూడండి. ఏడు గంటలలో దిగడానికీ ఎక్కడానికీ రెండు గంటలు తీసివేస్తే మిగిలేవి అయిదు. అరకు 110 కిలోమీటర్లకు పైమాటే, కనుక అది వట్టి ఆశ. తక్కినవన్నీ చుట్టబోతే సగం కాలం కారు కిటికీలోనే గడుస్తుంది.

నన్నడిగితే, ఆ అయిదు గంటలకు రేవే చాలిన వింత. విశాఖ రేవుకు ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, మరొక పక్క పాత ఊరి మూడు గుట్టలు. ఆ గుట్టలమీద వేంకటేశ్వరస్వామి గుడి, దర్గా, చర్చి ఒకదానికొకటి పొరుగుగా ఉన్నాయి. నడుమ కాలువగుండా ఓడలు లోపలికి పోతుంటాయి. అక్కడ నిలిచి గోపనివలె అడగాలి: ఇక్కడ రేవు ఎందుకు కట్టారు?

కథ చెప్పేవాడుంటే ఇలా చెబుతాడు. కలకత్తాకూ మద్రాసుకూ మధ్య పెద్ద ఓడలకు భద్రమైన రేవు లేదు. మధ్య భారతంలోని మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావాలి. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం వేశారు. బురద నేలను తవ్వి లోపలి రేవు కట్టారు. కాని ఈ తీరం వెంబడి అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. ఆ ఇసుక ముఖద్వారాన్ని పూడ్చివేయకుండా రెండు పాత ఓడలను కావాలని ముంచి, అడ్డుకట్టగా నిలిపారు. ఓడలకు నీడ కల్పించడానికి ఓడలనే ముంచారన్నమాట! 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఆ రేవులో ప్రవేశించింది.

కథ అక్కడితో ముగియదు. రేవు దగ్గర ఆగిపోయిన ఇసుక ఉత్తరాన ఉన్న తీరానికి చేరదు. చేరకపోతే ఆ తీరం కోసుకుపోతుంది. అందుచేత రేవు మొగలో తవ్వితీసిన ఇసుకను రామకృష్ణా బీచి వైపు చేరుస్తూ వచ్చారు. ఇంత తెలిసికొన్నవాడు సాయంత్రం ఆ తీరాన పది నిమిషాలు నడిచినా, కాలికింది ఇసుక అతనితో మాట్లాడుతుంది. తెలియనివాడు గంటసేపు నడిచినా అది ఫొటోకు నేపథ్యం మాత్రమే.

రేవే చూడాలని నియమం లేదు. కురుసుర జలాంతర్గామినే ఎంచుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడు ప్రదర్శనశాల అయింది. ఒక చివర ఎక్కి మరొక చివర దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ ఇరుకులో మనుషులు ఎలా నిద్రించారు, మంచినీళ్ళు ఎలా పొదుపు చేశారు అని అడిగితే మాత్రం గంట కూడా చాలదు.

“మళ్ళీ వస్తామో రామో, ఉన్నప్పుడే అన్నీ చూడవద్దా?” అన్న ప్రశ్న సహజమైనదే. దానికి సింహాచలంలోనే సమాధానం ఉంది. అక్కడి స్వామి ఏడాది పొడుగునా చందనం చాటున ఉండి, అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపదర్శనం ఇస్తాడు. తక్కిన దినాలలో పోయిన భక్తుడు తన యాత్ర వృథా అయిందనుకుంటున్నాడా? చూడవలసినది ఇంకా మిగిలి ఉన్నదన్న ఎరుక దర్శనానికి లోటు కాదు. ఏడుచోట్ల దిగి ఎక్కినవానికి ఆ ఎరుక ఉండదు. విశాఖ చూచేశానని ఇంటికి పోయి చెబుతాడు. నాకు అభ్యంతరమల్లా ఆ ‘చూచేశాను’ అనే మాటతోనే.

కార్లవారి, ఆటోలవారి జీవనం మాటేమిటని కూడా అడగవచ్చు. ఒక్కచోట నాలుగు గంటలుండేవాడు అక్కడ తింటాడు, కొంటాడు, పలకరిస్తాడు. ఏడుచోట్ల పరుగులు తీసేవాడు పెట్రోలుకే ఎక్కువ వెచ్చిస్తాడు. పరుగు యాత్రికులు మితిమీరితే ఏమవుతుందో వెనిస్ చూపింది. 2021లో పెద్ద విహారనౌకలు ఆ నగరపు నడిబొడ్డు కాలువలోకి రాకుండా నిషేధించవలసి వచ్చింది. విశాఖకు ఆ స్థితి చాలా దూరం. మంచి అలవాట్లు చేసికోవలసింది అటువంటి దూరం ఉన్నప్పుడే.

భవనానికి 96 కోట్లు వెచ్చించినవారు మణిసిద్ధుల కోసం అందులో ఏ కొంచెమైనా వెచ్చించాలి. పాత ఊరిలో పుట్టిపెరిగినవారు, రేవులో పనిచేసి విరమించినవారు, విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుకుంటున్న పిల్లలు కథకులుగా తయారు కావాలి. వచ్చినవారి భాషలో చెప్పనీ, కాని తెలుగు ప్రయాణికునికి తెలుగులో చెప్పాలి. కథకుడు లేని ఊరు ఎంత గొప్పదైనా బాటసారికి టీకొట్టే.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరిలో ఎవరైనా నాలుగు గంటలే ఆగగలిగితే వారికి చూపించే ఒక్క వింత ఏది? రెండవదాని పేరెత్తకుండా దాని కథ వ్రాయండి.