నీళ్లకూ ఒక పద్దు పుస్తకం

పాల లెక్క క్యాలెండరు మీద రాసుకుంటాం. ఇస్త్రీ బట్టలకు చిన్న నోటుబుక్కు ఉంటుంది. గ్యాసు బండ ఏ తేదీన మార్చామో వంటింటి తలుపు వెనక గీసి పెడతాం. మరి నీళ్ల లెక్క? ఎన్ని బిందెలు పట్టినా చాలడం లేదంటామే గానీ, ఏ పూటకు ఎన్ని ఖర్చయ్యాయో అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

జమ్మలమడుగు గృహిణులకు ఒక సందేహం రావడం సహజం. పెన్న ఒడ్డున ఊరు, పక్కనే మైలవరం డ్యాము, దానికి పైన గండికోట. అయినా వేసవి వస్తే కొళాయి దగ్గర ఈ అవస్థ ఏమిటి?

కాస్త లెక్క వేద్దాం. గండికోట జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. 2011 జనాభా లెక్కల్లో జమ్మలమడుగు జనం 50 వేల లోపే. 50 వేలనే అనుకుని, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఏడాదంతా వాడినా 250 కోట్ల లీటర్లు దాటవు. ఒక్క టీఎంసీలో పదో వంతు కూడా కాదన్నమాట! జలాశయంలో నీళ్లుంటే సరిపోదు. పంపులు, ట్యాంకులు, గొట్టాలు దాటి, మనకు కావలసిన వేళకు మన వీధికి చేరాలి. అసలు చిక్కంతా అక్కడే.

నీటి వాడకానికి ఒక నడక ఉంది. మబ్బులోనే లేచి కళ్లాపి చల్లడంతో మొదలై, స్నానాలు, వంట, బోకులు తోమడం, బట్టలు... తొమ్మిదయ్యేసరికి రోజు వాడకంలో పెద్ద భాగం అయిపోతుంది. మధ్యాహ్నం తగ్గి, సాయంత్రం మళ్లీ లేస్తుంది. ఇంజనీర్లు ఈ నడకను చూసే గొట్టాల సైజు నిర్ణయిస్తారు. 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం, 50 వేల లోపు జనమున్న ఊళ్లో రద్దీ వేళ వాడకం సగటుకు మూడింతలుగా లెక్క కట్టాలి. ప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊరికైతే రెండున్నర రెట్లు. చిన్న ఊళ్లో అందరి పనులూ ఒకే వేళకు పడతాయి కదా!

ఆ వేళలో నాలుగిళ్ల వాళ్లు కొళాయికే మోటారు బిగిస్తే ఏమవుతుంది? వీధి చివరి ఇంటి ఆమె బిందెలోకి గాలి తప్ప నీళ్లు రావు. పైగా గొట్టం ఎక్కడైనా పగిలి ఉంటే పక్కనున్న మురుగును కూడా మోటారు లోపలికి లాగుతుంది. ఆ నీళ్లు తాగేది మన పిల్లలే.

అందుకే ఈ వారం నుంచి ఒక నోటుబుక్కు పెట్టండి. ముందు మీ బిందెకు, బకెట్టుకు ఎన్ని లీటర్లు పడుతుందో లీటరు సీసాతో కొలవండి. పేజీలో మూడు గడులు గీయండి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఏ పనికి ఎన్ని బకెట్లో గీతలు పెట్టండి, చాలు. కొళాయి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు వచ్చిందో కింద రాయండి. ఏడు రోజులు రాసి, మొత్తాన్ని ఏడుతో భాగిస్తే సగటు వస్తుంది. తలంట్ల రోజున, చుట్టాలు వచ్చిన రోజున ఎంత పెరిగిందో కూడా కనిపిస్తుంది. సంక్రాంతికి ఒక వారం, మే నెలలో ఒక వారం, వానాకాలంలో ఒక వారం రాస్తే ఏడాది నడక మీ చేతికి వచ్చినట్టే.

దీనివల్ల లాభమేమిటంటారా? ఐదుగురున్న ఇంట్లో మనిషికి 70 లీటర్ల చొప్పున రోజుకు 350. కొళాయి రోజు విడిచి రోజు వస్తే 700 లీటర్లు నిలవ ఉండాలి. ఇంట్లో ఉన్నది 500 లీటర్ల డ్రమ్ము అయితే రెండో రోజు సాయంత్రానికి కటకటే. ఆ సంగతి ముందే తెలిస్తే దుప్పట్లు ఉతకడం నీళ్లు వచ్చే రోజుకు మార్చుకోవచ్చు. ఫిల్టరు వదిలేసే నీళ్లను గచ్చు కడగడానికి పట్టుకోవచ్చు. ఉప్పదనం ఎక్కువ కాబట్టి వాటిని మొక్కలకు మాత్రం పోయకండి.

ఇంకో మాట. వీధిలో పదిమంది ఇలా రాసి, ఆ పుస్తకాలు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లండి. "నీళ్లు రావడం లేదు" అంటే "చూస్తాం లెండి" అని పంపేయవచ్చు. "ఈ నెలలో ఈ ఏడు రోజులు, ఇన్ని నిమిషాలే వచ్చాయి, చివరి మూడిళ్లకు అసలు రాలేదు" అని తేదీలతో చూపిస్తే అలా పంపడం కష్టం. వెళ్లేటప్పుడు ఆ చివరి ఇంటి ఆమెను కూడా తప్పక వెంట తీసుకెళ్లండి.