నర్సింగు సీటు, మూడు సూదులు, రెండు రోజుల జ్వరం

నర్సింగు కాలేజీల్లో చేరే రోజులు వస్తే కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు సంఘాల్లో ఒక ప్రార్థన మనవి వినబడుతుంటుంది. అమ్మాయికి సీటు వచ్చింది, టీకాలు వేయించుకోమంటున్నారు, ఏమీ కాకుండా ప్రార్థించండి అని. ఈ మనవిని తేలిగ్గా తీసుకోకూడదు. కొల్లేటి ఊరి నుంచి ఏలూరుకో తాడేపల్లిగూడేనికో వెళ్లి హాస్టల్లో ఉండే పిల్ల, టీకా తర్వాత ఒళ్లు వెచ్చబడినా చెప్పుకోవడానికి జంకుతుంది. హాజరు పోతుందని ఒక భయం. ఈమాత్రానికే పడుకుంటే రేపు రోగుల్నేం చూస్తావంటారని ఇంకో భయం.

టీకా కావాలా అన్న విషయంలో మాకు సందేహం లేదు. హెపటైటిస్ బి రక్తం ద్వారా సోకే జబ్బు. వార్డులో వాడిన సూది పొరపాటున వేలికి గుచ్చుకుంటే చాలు. అందుకే భారత నర్సింగు కౌన్సిల్ నిబంధనలు విద్యార్థులకు ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు ఉండాలంటాయి. అయితే ఆ మాట ఉన్నది కాలేజీ విద్యార్థులకు కల్పించాల్సిన ఆరోగ్య సేవల కింద. ఏటా వైద్య పరీక్ష, జబ్బు చేస్తే ఉచిత వైద్యం లేదా బీమా కూడా ఆ పక్కనే ఉన్నాయి. టీకా కాగితం గట్టిగా అడిగే యాజమాన్యాలు తక్కినవి కూడా అంతే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

హెపటైటిస్ బి మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చెయ్యి నొప్పి, నీరసం, కొద్దిపాటి జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ధనుర్వాతం సూదికి చెయ్యి ఇంకాస్త వాస్తుంది. తడిగుడ్డ వేసి, చెయ్యి ఆడిస్తూ, నీళ్లు బాగా తాగి, అవసరమైతే పారాసిటమాల్ వేసుకుంటే సరిపోతుంది. తట్టు, రుబెల్లా టీకా కూడా అడిగితే దాని జ్వరం వారం పది రోజుల తర్వాత రావచ్చు, వయసొచ్చిన ఆడపిల్లలకు కీళ్ల నొప్పులు కూడా రావచ్చు. ముందే తెలియకపోతే ఇంకేదో జబ్బనుకుని కంగారుపడతారు. గర్భిణులు ఆ టీకా వేయించుకోకూడదు. పెళ్లయ్యాక చదువుకుంటున్నవారు ఈ మాట ముందే చెప్పాలి.

పొద్దున్నే బస్సెక్కి పరగడుపున వచ్చిన పిల్లలు సూది భయానికి కళ్లు తిరిగి పడిపోవడమూ ఉంది. తిని రావాలి, వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి. ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా అది చాలా అరుదైన అలర్జీ. క్షణం ఆలస్యం చేయకుండా అక్కడి డాక్టరుకు చెప్పాలి.

మన జనం టీకా అంటే వెనకాడడానికి కారణాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టల్ పిల్లల విషయంలో అనేకచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. అక్కడి మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది, అనుమతి సరిగా అడగలేదని. ఇక ఏలూరు సంగతి వేరే చెప్పాలా? 2020 డిసెంబరులో ఆరు వందల మందికి పైగా ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఆ బెదురు తీరకముందే, 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. అలాంటి ఊరివాళ్లను మూర్ఖులనడం మాకు ఇష్టం లేదు. విషయం విడమర్చి చెప్పి, సంతకం ఆ అమ్మాయి చేతే పెట్టించుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

కాలేజీలను మేము అడిగేది పెద్దదేం కాదు. టీకాలు శనివారం వేయించండి, మర్నాడు సెలవు ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లకు హాజరు కోయకండి. స్త్రీల సమాజాలు చేయగల పని ఒకటుంది: సీటు వచ్చిన ప్రతి అమ్మాయి చిన్ననాటి టీకా కార్డు వెతికించడం. 2017లో బడుల్లో వేసిన తట్టు, రుబెల్లా టీకా చీటీ ఇంట్లో దొరికితే దాన్నీ దాచండి. కార్డు పోయినా కొన్నిటికి రక్తపరీక్షతో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. తెలిసినవాళ్ల చేత ఉత్తుత్తి సర్టిఫికెట్ మాత్రం రాయించకండి. సూది గుచ్చుకున్న రోజున ఆ కాగితం ఆ పిల్లను కాపాడదు. టీకా తర్వాత ఏదైనా గట్టిగా ఇబ్బంది పెడితే ఊళ్లో ఏఎన్ఎంకు చెప్పి నమోదు చేయించండి, లేదా 1800-180-3024కు ఫోన్ చేయండి. ఆ ఫోనుకు డబ్బులు పడవు.