కంప్యూటర్లు చెడిపోలే, మనమే చదవలే

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన వారం ఇక్కడ ఒక అన్న పోస్టు పెట్టారు. "హాస్టళ్ళకు పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి ఇస్తున్నారు. ఆదివాసీ పిల్లలకు ఎప్పుడూ పాతది, ఫ్రీది, మిగిలిందేనా? కొత్త విండోస్ సిస్టమ్స్ కావాలని అడగాలి" అని. చానా మంది లైక్ కొట్టిండ్రు. నేను కూడా కొట్టిన. రాత్రంతా ఆలోచించి పొద్దున ఆ లైక్ తీసేసిన. ఎందుకో చెప్తా.

అన్న కోపంతో నాకు పేచీ లేదు. ఒకటో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలో చదివినోన్ని. చిరిగిన దుప్పట్లు, సగం సంవత్సరం గడిచినంక వచ్చే పుస్తకాలు నాకూ తెలుసు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కానీ లినక్స్‌ను ఆ చిరిగిన దుప్పటి లెక్కలో కలపడం తప్పు. ఆ తప్పు వల్ల నష్టం మనకే.

మా హాస్టల్ సంగతి చెప్తా. ల్యాబులో 12 కంప్యూటర్లు ఉన్నయ్. రెండేళ్ళ కింద కొందరు వాలంటీర్లు వచ్చి డెబియన్ లినక్స్ వేసి, ఫోటోలు దిగి పోయిండ్రు. మంచి మనసుతోనే వచ్చిండ్రు, కాదనను. కానీ ఆగిపోతే ఏం చేయాలో ఒక్కరికీ నేర్పలే. వానాకాలం మొదలైంది, కరెంటు పోవుడు వచ్చుడు మీకు తెలిసిందే. ఒక్కొక్కటే ఆగిపోయినయ్. నేను హాస్టల్లో చేరేసరికి తొమ్మిదింటి మీద గుడ్డ కప్పి ఉంది. "లినక్స్ వేస్టు" అన్నరు. స్క్రాప్‌కు పంపే లిస్టు కూడా తయారైంది.

ఒకరోజు సాయంత్రం ఒక దాన్ని ఆన్ చేసిన. నల్ల తెర, తెల్ల అక్షరాలు. అడుగున ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని ఉంది. దానికి పైన ఒక లైను: "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ. రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ." నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఫోన్ల ఒక్కొక్క మాటకు అర్థం చూసిన. "అనుకోని తేడా వచ్చింది, ఎఫ్ఎస్‌సీకేను మీరే నడపండి" అని. అంటే ఏం చేయాలో తెర మీదనే రాసుంది! ఇన్ని రోజులు రాసే ఉంది. ఎవరూ చదవలే.

ఎఫ్ఎస్‌సీకే అంటే ఫైల్ సిస్టమ్ చెక్. వార్డెన్ సార్ స్టాక్ రిజిస్టర్ రాస్తుంటే కరెంటు పోయిందనుకోండి. బియ్యం బస్తా తీసినట్టు రాసిండు, ఎంత మిగిలిందో రాయలే. మర్నాడు లెక్క కుదరదు. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. చిన్న తేడాలను లినక్స్ ఆన్ అయ్యేటప్పుడు తనంతట తనే దిద్దుకుంటది. పెద్ద తేడా కనిపిస్తే, తెలియకుండా దిద్ది ఉన్న ఫైళ్ళు పోగొట్టడం ఎందుకని ఆగి, మనిషిని అడుగుతది. అంతే. ఆగిపోవడం, చెడిపోవడం ఒకటి కాదు.

తేడా ఏ డిస్కు భాగంలో ఉందో ఆ లైన్లనే ఉంది. ఎఫ్ఎస్‌సీకే అని కొట్టి, మైనస్ వై పెట్టి, ఆ భాగం పేరు రాసి ఎంటర్ నొక్కిన. మైనస్ వై అంటే అన్ని ప్రశ్నలకు అవునని చెప్పినట్టు. (ముఖ్యమైన ఫైళ్ళుంటే ముందు వేరే దాంట్లోకి కాపీ చేసుకోవాలి, ఇది మరవొద్దు.) తర్వాత ఎగ్జిట్ అని కొట్టిన. డెస్క్‌టాప్ వచ్చింది. రెండు రాత్రుల్లో తొమ్మిదింటిలో ఏడు లేచినయ్. మిగిలిన రెండింట్ల డిస్కులే అరిగిపోయినయ్, స్మార్ట్‌సీటీఎల్‌తో చూస్తే తెలిసింది. ఒక్క పైసా ఖర్చు కాలే.

ఇది నా గొప్ప కాదు. చదివితే ఎవరైనా చేస్తరు. నేను చెప్పేది వేరే. మనం తెర మీద ఇంగ్లీషు కనిపించంగనే "ఇది మన పని కాదు" అనుకుంటం. నోటీసు బోర్డు ముందట, బ్యాంకుల, ఆఫీసుల మన తల్లిదండ్రులు నిలబడ్డట్టే మనం కంప్యూటర్ ముందట నిలబడుతున్నం. ఈ అలవాటు పోకపోతే రేపు కొత్త సిస్టమ్స్ వచ్చినా అవి కూడా గుడ్డ కిందికే పోతయ్.

ఇక "మిగిలిపోయింది" అనే మాట. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల లినక్స్ కెర్నలే ఉంది. ప్రపంచంలో మొదటి 500 సూపర్ కంప్యూటర్ల లిస్టు తీస్తే, 2017 నవంబర్ నుంచి 500కు 500 లినక్స్ మీదనే నడుస్తున్నయ్. వాళ్ళు కూడా బీదోళ్ళేనా అన్నా?

అటు విండోస్ చూడండి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 చిప్పు, కొత్త ప్రాసెసర్ కావాలన్నరు. మా ల్యాబులో ఒక్కదానికీ అవి లేవు. మెషీన్ చెడిపోలే, ఎక్కడో కూర్చున్నోళ్ళు పాతదని నిర్ణయం చేసిండ్రు. ఆ నిర్ణయంలో మన మాటకు చోటు లేదు.

లినక్స్‌లో చోటు ఉంది. 1992 నుంచి అది జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. లోపలి కోడ్ చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. పంచితే అవతలోళ్ళకూ అదే హక్కు ఇవ్వాలి. మనకు ఇది కొత్త ముచ్చట కాదు. 1996ల పెసా వచ్చింది, 2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. గ్రామసభ కూర్చోకపోతే ఆ హక్కులు కాగితం మీదనే ఉంటయ్. ఇదీ అంతే.

"కోడ్ రాయడం మనతోని అయితదా" అంటరు. లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో ఈ పని గురించి ప్రకటించినప్పుడు హెల్సింకిలో చదువుకునే స్టూడెంట్, వయసు 21. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. తర్వాతి జనవరిలో టానెన్‌బామ్ అనే పెద్ద ప్రొఫెసర్ లినక్స్ డిజైన్ కాలం చెల్లినదని అందరి ముందూ రాసిండు. ఈ పిల్లగాడు జవాబు రాసి, తన పని తను చేసుకుంట పోయిండు. ఒక తేడా మాత్రం దాచను. అతనికి సొంత కంప్యూటర్ ఉంది. మాకు 140 మందికి 12, సాయంత్రం 5కు ల్యాబు తాళం. అందుకే కొట్లాడాల్సింది కంప్యూటర్ మీద ఏ బొమ్మ ఉందని కాదు, తాళంచెవి కోసం.

పైగా కోడ్ రాయకున్నా పని ఉంది. కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకు ఒకటి వస్తది, ఒక్కో దాంట్ల పదివేలకు పైగా మార్పులుంటయ్. పాత దాంట్ల పనిచేసింది కొత్త దాంట్ల ఆగితే తప్పు ఏ మార్పులో ఉందో ఎట్ల తెలవాలె? గిట్ బైసెక్ట్ అని ఒకటి ఉంది. బోరు నుంచి చేనుకు పోయే పైపులో నీళ్ళు ఆగితే మధ్యల విప్పి చూస్తం కదా. అక్కడికి నీళ్ళు వస్తే అడ్డు అవతలి సగంలో ఉన్నట్టు. మళ్ళీ దాని మధ్యల చూస్తం. అట్ల పదివేల మార్పుల్లో తప్పు ఎక్కడుందో 14 సార్ల పరీక్షతో దొరుకుతది. ఓపిక కావాలి, సీ భాష అక్కర్లేదు. తప్పు చూపించిన మనిషి పేరు, దిద్దిన మార్పు పక్కన "రిపోర్టెడ్ బై" అని రాసే పద్ధతి ఉంది. అక్కడ ఆత్రం, మడావి, సోయం, రాథోడ్ అనే ఇంటిపేర్లు ఎందుకు ఉండొద్దు?

ఆఖరుగా భాష. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంట్లలో దానికి ఫాంటు ఉంది, ఉచితంగా దింపుకోవచ్చు. కానీ ఫాంటు ఒక్కటే చాలదు. కీబోర్డు, నెలల పేర్లు, వారాల పేర్లు, మెనూలోని మాటలు అన్నీ ఎవరో ఒకరు ఫైళ్ళలో కూర్చుని రాయాలి. లాభం లేదని కంపెనీ రాయకపోవచ్చు. ఇక్కడ మనమే రాసి పంపొచ్చు. తప్పుంటే దిద్దమంటరు, దిద్ది మళ్ళీ పంపుతం. మా అమ్మకు నెలల పేర్లు గోండిలో ఎట్ల చెప్పాల్నో నాకంటే బాగా తెలుసు. ఈ పనిలో ఆమె కూడా డెవలపరే.

కాబట్టి నా మాట ఇది. ప్రతి హాస్టల్లో ఇద్దరు ముందుకు రండి. ఒక నోట్ బుక్ పెట్టండి. "పని చేస్తలేదు" అని రాయొద్దు. తారీఖు, తెర మీద ఉన్న లైను ఉన్నది ఉన్నట్టు, మీరేం చేసిండ్రు, ఏమైంది, ఇవి రాయండి. అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చదువుదాం. ఎవరూ చదవకముందు ఒక్క మెషీన్ కూడా స్క్రాప్‌కు పోవద్దు.

అన్నా, కొత్త కంప్యూటర్లు కావాలని మీరు దరఖాస్తు రాయండి. మొదటి సంతకం నాదే. కానీ అందులో ఒక్క లైను కలపండి: ల్యాబు రాత్రి 9 దాకా తెరిచి ఉండాలె, తాళంచెవి పిల్లల దగ్గర ఉండాలె.

ఇంకో మాట. మా ల్యాబులో రెండింటికి డిస్కులు కావాలి. ఎవరి దగ్గరన్నా మంచిగున్న పాత హార్డ్ డిస్కు ఉంటే కింద కామెంట్ల చెప్పండి. నేనే వచ్చి తీసుకుంట.

జై సేవా.