మనసు చదువుకు దూరవిద్య చాలదు

‘ఇంటర్ అయ్యాక సైకాలజీ చదువుతాను’ అనే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. ‘ముందు బీటెక్‌లో చేరు, అది కావాలంటే దూరవిద్యలో కట్టుకోవచ్చు’ అని మనం మామూలుగా చెబుతాం. ఆ మాట ఇక చెల్లదు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపవద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. ఆరోగ్య, అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం పరిధిలో సైకాలజీ ఉండడమే కారణం.

ఈ నిర్ణయం చాలావరకు సరైనదే, కొంత మాత్రం నష్టం అని నా అభిప్రాయం.

అబ్‌నార్మల్ సైకాలజీ పేపరునే తీసుకోండి. కుంగుబాటు, తీవ్ర ఆందోళన, స్కిజోఫ్రీనియా వంటి మానసిక రుగ్మతల లక్షణాలు, కారణాలు, చికిత్సలు అందులో ఉంటాయి. చదవడం కష్టమేమీ కాదు. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించాలి, కనీసం ఆరు నెలలు ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా బయటపడాలి. ఇది బట్టీపట్టి మంచి మార్కులే తెచ్చుకోవచ్చు. కానీ మన ఎదుట కుదురుగా కూర్చోని ఎనిమిదేళ్ల బాబుకు ఉన్నది అదేనా, లేక నిద్ర చాలడం లేదా, చెవి సరిగా వినిపించడం లేదా, ఇంట్లో గొడవలకు బెదిరిపోయాడా? ఇది తేల్చడం అనుభవజ్ఞుల పక్కన కూర్చుని, వాళ్లు తప్పులు దిద్దుతుంటే నేర్చుకోవాల్సిన పని. పొరపాటున పడిన ముద్ర పిల్లవాడిని ఏళ్ల తరబడి వదలదు.

అయితే దూరవిద్యలో ఇది చదివినవాళ్లంతా వైద్యం చేద్దామని చదవలేదు. ఉద్యోగం వదలలేని టీచర్లు, ఇల్లు వదిలి వెళ్లలేని తల్లులు కూడా చదివారు. పిల్ల ముభావంగా ఉంటే ‘బద్ధకం’, ‘దిష్టి’ అని తోసెయ్యకుండా ‘రెండు వారాలుగా ఇలాగే ఉంది, డాక్టరుకు చూపిద్దాం’ అనగలిగే మనిషి ఇంట్లో ఒకరుండడం చిన్న విషయం కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. అలాంటి చోట, వృత్తి అర్హత ఇవ్వని అవగాహన కోర్సుగానైనా ఈ చదువు అందుబాటులో ఉండాలి.

మీ అమ్మాయో అబ్బాయో ఈ దారి ఎంచుకుంటే రెగ్యులర్ కాలేజీలోనే చేర్చండి. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే డిగ్రీ ఒక్కటే సరిపోదు, ఆస్పత్రి శిక్షణతో కూడిన కోర్సు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేరే ముందే ప్రాక్టికల్స్ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో జరుగుతాయో అడగండి.

మీరూ ఈ పుస్తకాలు చదవండి, తప్పేమీ లేదు. పిల్లలో మార్పు కనిపిస్తే మాత్రం పేరు మీరే పెట్టేయకండి. క్లాస్ టీచరుతో మాట్లాడండి, నిపుణులకు చూపించండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.